ఐదున్నర కంటే ముందొచ్చిన హాజిరీ

రాత్రి పన్నెండు గొట్టంగనే తారీఖు మారుతదని అందరం ఎప్పుడు ఒప్పుకున్నమో నాకైతె యాద్ లేదు. మా గల్లీల మాత్రం ఇంకా ఒప్పుకోలే. మా ఇంట్ల మగ్రిబ్ అజాన్‌తోని దినం మారుతది. అందుకే బేస్తవారం పొద్దుమూకినంక వచ్చే రాత్రి జుమ్మా కిందికే వస్తది. నెలవంక కనబడ్డ చాంద్ రాత్ రంజాన్ హిసాబ్‌ల ఉండదు, షవ్వాల్ హిసాబ్‌ల పడ్తది. మా ఎదురింటి పంతులుకు పొద్దు పొడుపుతోని వారం మారుతది. తెల్లారగట్ల నాలుగింటికి పుట్టిన పిల్లగానికి ఆయన ముందటి రోజు వారమే రాస్తడు. తహసీల్ ఆఫీసుకు, బ్యాంకుకు, బస్టాండుకు పన్నెండు. ఒక్క గల్లీల మూడు సరిహద్దులు. అయినా ఎవరికీ పరేషానీ లేదు. మనిషి ఎదురుంగ ఉంటడు గద, 'రాత్రి' అంటె ఏ రాత్రో అడిగితె చెప్తడు.

నాల్గో హద్దు ఇంకోటున్నది. గల్లీల ఎవరికీ తెల్వదు. అది పొద్దుగాల ఐదున్నర.

దునియాల సర్వర్లు శానా మట్టుకు యూటీసీ టైమ్ పెట్టుకొని నడుస్తయి. మన గడియారం దానికన్న ఐదున్నర గంటలు ముందుంటది. అంటె వాటి లెక్కల తారీఖు మారేటప్పటికి సిద్దిపేటల పొద్దుగాల ఐదున్నర అయితది. యూనిక్స్ వాళ్లు కాలాన్ని సున్నా నుంచి లెక్కబెట్టుడు షురూ చేసిన లమ్‌హా 1970 జనవరి 1, యూటీసీ అర్ధరాత్రి. ఆ లమ్‌హాకు మా దగ్గర కోమటి చెరువు కాడ ఫజర్ నమాజుకు పోతుండొచ్చు మనుషులు. రాత్రి పన్నెండు నుంచి ఐదున్నర దాంక మనం ఏం చేసినా సర్వర్ దృష్టిల అది నిన్నటిదే. సహర్ ఇయ్యాల తింటం, సర్వర్ నిన్న తిన్నరు అంటది.

ఇది లతీఫా లెక్క చెప్పి నవ్వుకోవచ్చు. నేను కూడ నవ్వుకునేటోన్నే. నా నౌకరీ టెస్టింగ్. వేరేటోళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌ల నుక్స్ ఎక్కడుందో దేవులాడుడు. 2023 జూన్‌ల మా ఊర్ల ఐటీ టవర్ తెరిచినప్పుడు సిద్దిపేటల కూసొని గిసుంటి పని చేస్తరా అని శానా మంది ఆశ్చర్యపడ్డరు గని, నేను అంతకుముందు నుంచే ఇంట్ల కూసొని హైదరాబాద్ కంపెనీకి చేస్తున్న. డేటాబేస్‌ను అడిగేదాన్ని క్వెరీ అంటరు. మా జబాన్‌ల ప్రశ్నను సవాల్ అంటం, తెలుగుల సవాల్ అంటె పందెం. టైమ్‌స్టాంప్‌తోని ముడిపడ్డ క్వెరీ ఈ రెండు మాయనాలకూ సరిపోతది.

మా ఖాలా ముచ్చట చెప్పాలె ఇక్కడ. ఆమె ఒక ఆఫీసు బిల్డింగుల సఫాయి పని చేస్తది, కాంట్రాక్టర్ కింద. డ్యూటీ ఐదింటి నుంచి ఒంటిగంట దాంక, ఆదివారం సెలవు. రోజుకు 400. 2023 డిసెంబర్ షురూల అక్కడ అంగూఠా మెషిన్ పెట్టిన్రు. అంతకుముందు రిజిస్టర్ల దస్తఖత్. మెషిన్ వచ్చిన నెల నుంచే తన్ఖా తక్కువ రాబట్టింది. అడిగితె కాగజ్ చేతిల బెట్టి 'నెలకు నాలుగైదు గైర్‌హాజర్లు ఉన్నయమ్మా' అన్నడట సూపర్‌వైజర్.

మే నెలల ఆ కాగజులన్ని ఒక ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని మా ఇంటికొచ్చింది. 'దేఖ్ బేటా, మై తో రోజ్ జాతూఁ. ఫిర్ హఫ్తే మే ఏక్ దిన్ గైర్‌హాజిర్ కైకూ లిఖ్‌తే?' అన్నది. రోజూ పోతనే ఉన్న, వారానికొక్క రోజు గైర్‌హాజరు ఎందుకు రాస్తున్నరు అని. ఆమెకు కోపం పైసల మీద గాదు. సూపర్‌వైజర్ ఒక మాటన్నడట: 'సెలవుకు ముందటి రోజు ఎగ్గొట్టుడు మీ అందరికి ఆదతే.' ఆ మాట కలిజాల గుచ్చుకున్నది. ముప్పై ఏండ్ల సంది పొద్దున్నే లేచి పోతున్న మనిషి ఆమె.

కాగజ్ మీద తారీఖులు, వాటి పక్కన హాజరు, గైర్‌హాజరు. అంతే. ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అన్నది లేదు. కని గైర్‌హాజర్లన్ని శనివారాలే. సూపర్‌వైజర్ అట్ల ఎందుకు అనుకున్నడో సమజైంది. శనివారం మానేస్తె ఆదివారం కలిసొస్తది, ఎవరైనా అట్లనే అనుకుంటరు. మెషిన్ల తప్పు మనిషి బద్ధకం లెక్కనే కనబడుతున్నది, అదే ఖతర్‌నాక్ ముచ్చట. తప్పు అడ్డదిడ్డంగ ఉంటె ఎవరన్న షక్ చేస్తరు. ఇది మనకు ముందే ఉన్న గుమాన్‌కు సరిపోయేటట్లు వచ్చింది, అందుకే ఆరు నెలలు ఎవ్వరూ షక్ చేయలే.

ఇంకో రెండు సంగతులు కనబడ్డయి. రంజాన్ నెలల ఒక్క హాజిరీ గూడ కట్ కాలే. 2024ల మొదటి రోజా మార్చి 12, మంగళవారం. దానికి ముందటి సోమవారం మాత్రం గైర్‌హాజరు. మళ్ల ఏప్రిల్ 11న ఈద్. మర్నాడు శుక్రవారం కూడ సెలవు పెట్టి ఇంట్లనే ఉన్నది. కాగజ్ మీద ఆ శుక్రవారం హాజరు. 13న శనివారం పనికి పోయింది. గైర్‌హాజరు.

ఇంట్ల సేమ్యా తిన్న రోజు హాజరు, బకెట్ మోసిన రోజు గైర్‌హాజరు.

'ఖాలా, రంజాన్ల ఎన్నింటికి పోతుంటిరి?' అని అడిగిన. సహర్ చేసి, ఫజర్ చదివి పోయేటందుకు సూపర్‌వైజర్ ఇజాజత్ ఇచ్చిండట. ఐదు నలభైకి అంగూఠా పెట్టేది. మిగతా దినాల్ల? 'పాంచ్ కో దస్ కమ్.' ఐదుకు పది తక్కువ.

ఆ మాటతోని అంతా ఖులాసా అయింది నాకు. సోమవారం నాలుగు యాభైకి పెట్టిన అంగూఠా యూటీసీల ఆదివారం రాత్రి పదకొండు ఇరవై. రిపోర్ట్ రాసినోడు ఆ టైమ్ నుంచి తారీఖును కోసి తీసుకున్నడు. కాబట్టి సోమవారం హాజిరీ ఆదివారం ఖాతాల పడ్డది, మంగళవారంది సోమవారం ఖాతాల, అట్ల జరుగుకుంట జరుగుకుంట శుక్రవారం ఖాతాల శనివారంది పడ్డది. శనివారం ఖాతా ఖాళీ. ఆదివారం ఎట్లా సెలవే గనుక ఆ ఖాతాల పడ్డదానికి తన్ఖా లేదు. వారానికి ఒకటి గాయబ్. ఐదు నలభైకి పెడితె యూటీసీల గూడ అదే తారీఖు, పన్నెండు దాటి పది నిమిషాలు. అందుకే రంజాన్ల సాఫ్‌గ ఉన్నది. ఈద్ మర్నాటి హాజిరీ కూడ అంతే, శనివారం పెట్టిన అంగూఠా ఒక రోజు వెనక్కి నడిచిపోయింది.

ఇంకొకామె ఉన్నదట అక్కడ, రోజూ నలభై నిమిషాలు లేటుగ ఐదు నలభైకే వస్తది. ఆమెకు పూరా తన్ఖా. ముందొచ్చినోళ్లకు కోత, లేటుగొచ్చినోళ్లకు సలామ్. ఖాలాకు ఈ హిసాబ్ సమజ్ చేసేటందుకు నాకు గంట పట్టింది. మగ్రిబ్‌తోని దినం మారుడు ఎట్లనో ఆ మెషిన్ వెనకున్న కంప్యూటర్‌కు ఐదున్నరకు మారుడు అట్ల అన్నంక టక్కున పట్టుకున్నది. 'తో ఉన్కా మగ్రిబ్ సుబే హోతా!' అని నవ్వింది. వాళ్ల మగ్రిబ్ పొద్దుగాల అయితదన్నమాట.

ఆ సాఫ్ట్‌వేర్ చేసినోళ్లకు ఫోన్ చేయించినం. పేరు అనవసరం, చిన్న కంపెనీ. అవతల మాట్లాడిన పిల్లగాడు మంచోడే, తమీజ్‌గల్లోడు. 'భయ్యా, మా టెస్టులన్నీ పాస్ అయితున్నయి' అన్నడు. టెస్ట్ డేటాల ఏమేం పెట్టిన్రని అడిగిన. పదిమంది ఉద్యోగులు, అందరు తొమ్మిదింటికి వచ్చి ఆరింటికి పోతరు. మన తొమ్మిది యూటీసీల మూడున్నర, మన ఆరు పన్నెండున్నర. రెండూ అదే తారీఖుల పడ్తయి. ఆ పదిమందిని పెట్టుకొని వెయ్యి టెస్టులు రాసినా పాస్ అయితయి. పైగ ఆ పిల్లల లాప్‌టాప్‌లల్ల టైమ్ ఇండియాది, సర్వర్ల యూటీసీ. వాళ్ల టేబుల్ మీద నాలుగు యాభై అంగూఠా పెట్టినా సరిగ్గనే కనబడేది.

నాకు అప్పుడే ఒక ఖయాల్ వచ్చింది, ఇంకా పోలే. టెస్ట్ డేటా తయారు చేసేటోళ్లు తమలాంటోళ్లనే తయారు చేస్తరు. రాత్రి పండుకొని పొద్దున ఆఫీసుకు పోయేటోళ్లు. అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాంక మేల్కొని ఉండేది ఎవరు? ఊడ్చేటోళ్లు, పాల బండోళ్లు, హాస్పిటల్ల ఆయాలు, వాచ్‌మెన్లు, మార్కెట్ యార్డుల హమాలీలు, రోజా ఉండేటోళ్లు. మన దేశంల యూటీసీ ఘల్తీ ఎవరి మీద పడ్తదంటె సీదా వీళ్ల మీదనే. ఎవడూ వాళ్లను చూసి నిషానా పెట్టలే. హద్దు వాళ్ల ఇంటి మీద నుంచి పోయింది, అంతే.

మరి గిసుంటి క్వెరీని ఎట్ల టెస్ట్ చేయాలె? నా తజుర్బాల నాకు తెలిసినంత చెప్తా. ఈ పని జేసేటోళ్లు మీలో ఎవరన్న ఉంటె పనికొస్తది, లేనోళ్లు ఈ రెండు మూడు పేరాలు దాటేసినా పర్వాలేదు.

మొదలు, తారీఖును కోసి తీసుకునుడు బంద్ చేయాలె. 'శనివారం హాజరు' అంటె శనివారం మన అర్ధరాత్రికి సమానం లేదా ఎక్కువ, ఆదివారం మన అర్ధరాత్రికన్న తక్కువ. ఎడమ హద్దు లోపల, కుడి హద్దు బయట. యూటీసీల రాసుకుంటె శుక్రవారం సాయంత్రం ఆరున్నర నుంచి శనివారం సాయంత్రం ఆరున్నరకు ముందు దాంక. ఇట్ల అడిగితె ఇండెక్స్ గూడ పనికొస్తది, లక్షల వరసల్ల గూడ జల్ది జవాబు వస్తది. తారీఖు కోసుడుల ఆ ఫాయిదా ఉండదు, ప్రతి వరసనూ తీసి కోసి చూస్తది.

బిట్వీన్ అని ఒక మాటున్నది ఎస్క్యూఎల్‌ల. చూసేటందుకు సాఫ్‌గుంటది, మనసు దానిమీదికి పోతది. దాని రెండు హద్దులూ లోపలనే. శనివారం, ఆదివారం అర్ధరాత్రుల నడుమ అని రాస్తె సరిగ్గ ఆదివారం సున్నా గంటల వరస రెండు రోజుల్లనూ లెక్కకొస్తది. దీన్ని తప్పించుకునేటందుకు కొందరు 23:59:59 దాంక అని రాస్తరు. ఆ ఆఖరి సెకండు లోపల పడ్డ వరసలు గాయబ్. ఇంకా హుషారైనోళ్లు 23:59:59.999 అంటరు. మైక్రోసాఫ్ట్ ఎస్క్యూఎల్ సర్వర్ల పాత డేట్‌టైమ్ రకం సెకండును మూడు వందల ముక్కలు చేసి పెట్టుకుంటది, .999ను దాచేటందుకు దాని దగ్గర జాగ లేదు. అందుకని దగ్గరున్న ముక్కకు జరుపుతది, అది మర్నాటి సున్నా గంటలు. ఎంత తాళం వేస్తె అంత తలుపు తెరుచుకున్నట్లు. పోస్ట్‌గ్రెస్ మైక్రోసెకండు దాంక పెట్టుకుంటది, దానికి ఆరు తొమ్మిదులు కావాలె. ఎన్ని తొమ్మిదులు రాయాలె అని ఆలోచిస్తున్నమంటేనే తోవ తప్పినట్లు.

ఖాలా కేసుకు నేను రాసిన టెస్ట్‌ల ఏడెనిమిది వరసలే ఉన్నయి. రాత్రి 11:59:59, దాని మీద తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మైక్రోసెకండ్లు. సరిగ్గ పన్నెండు. పన్నెండు దాటి ఒక మైక్రోసెకండు. నాలుగు యాభై. ఐదు ఇరవై తొమ్మిది యాభై తొమ్మిది. సరిగ్గ ఐదున్నర. ఐదు నలభై. తొమ్మిది గంటల వరస ఒకటి ఉండనీ అని పెట్టిన, మేమాన్ లెక్క. ప్రతి వరస ఏ రోజు కిందికి రావాలెనో ముందే కాగజ్ మీద చేత్తోని రాసుకున్న. క్వెరీని నడిపించి అది చెప్పిందాన్నే సరైన జవాబు అని రాసుకుంటె అది టెస్ట్ గాదు, ముల్జిమ్‌నే గవాహీ అడిగినట్లు. తర్వాత సెషన్ టైమ్‌ను మార్చి మార్చి అదే టెస్ట్ నడిపించిన. యూటీసీల ఒకసారి, మన టైమ్‌ల ఒకసారి, కాఠ్మాండూల ఒకసారి. నేపాల్ ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు ముందుంటది, గంటలల్ల లెక్కబెట్టే కోడ్‌ను అది గట్టిగ పట్టిస్తది. ఏ సెషన్‌ల నడిపినా జవాబు ఒక్కటే రావాలె. హాజరు ఎక్కడైందన్నది సిద్దిపేట సంగతి, క్వెరీ ఎక్కడి నుంచి అడిగిన్రన్నది దానికి సంబంధం లేని సంగతి.

ఆఖరుకు ఒక పని చేస్తా ఎప్పుడూ. క్వెరీని చెడగొడ్త. 'సమానం లేదా ఎక్కువ' ఉన్నకాడ 'ఎక్కువ' అని మాత్రమే పెడ్త. టెస్ట్ ఫెయిల్ కావాలె. కాలేదంటె ఆ టెస్ట్ నిద్ర పోతున్నట్లు, హద్దు మీద ఎవరినీ నిలబెట్టలేనట్లు.

ఇంకో పేచీ గూడ ఉన్నది, కొత్తగొచ్చిన పిల్లలు దీంట్ల శానా చిక్కుకుంటరు. 'ఇప్పుడు' అన్న మాటను క్వెరీల రాస్తరు. ఇయ్యాల పాస్ అయిన టెస్ట్ రేపు ఫెయిల్, పగలు పాస్ అయింది రాత్రి ఫెయిల్. 'ఇప్పుడు' బయట నుంచి ఇచ్చే వస్తువు కావాలె, టెస్ట్ చేసేటప్పుడు మనకు కావాల్సిన లమ్‌హాను దాని చేతిల పెట్టాలె. పోస్ట్‌గ్రెస్‌ల నౌ అంటె ట్రాన్సాక్షన్ మొదలైన టైమ్. ఆ ట్రాన్సాక్షన్ నడిచినంత సేపు గడియారం అక్కడ్నే ఆగిపోతది. శానా టెస్టులు ఒక్కొక్క ట్రాన్సాక్షన్ల నడిచి ఆఖరుకు చెరిపేస్తయి. దాంట్ల ఒక వరస చేర్చి, తర్వాత మార్చి, మార్చిన టైమ్ చేర్చిన టైమ్‌కన్న పెద్దదా అని అడిగితె కాదంటది. రెండూ ఒక్కటే. డేటాబేస్ ఝూట్ చెప్పలే. నిజం గడియారం కావాలెనంటె క్లాక్ టైమ్‌స్టాంప్ అని అలగ్ ఫంక్షన్ ఉన్నది.

మన దేశం గడియారం షరీఫ్‌ది. ఎండాకాలం ఒక గంట ముందుకు, చలికాలం వెనక్కు అని జరగదు. అందుకే మన దగ్గర టెస్ట్ చేసేటోళ్లకు ఒకే గంట రెండుసార్లు వచ్చే రాత్రి అంటె తెల్వదు. ఎప్పుడూ ఇట్లనే ఉన్నదా అంటె లేదు. దునియాలోని గడియారాల తారీఖంతా రాసిపెట్టిన టైమ్‌జోన్ డేటాబేస్ ఒకటుంటది, ప్రతి ఫోనుల, ప్రతి సర్వర్ల. దాంట్ల మన వరస పేరు ఏషియా కోల్‌కతా. తెరిచి చూస్తె 1906 జనవరి 1 నుంచి ఐదున్నర. అంతకుముందు మద్రాస్ టైమ్, ఐదు గంటల ఇరవై ఒక్క నిమిషాల పది సెకండ్లు. ఇంకా ముందు హెచ్ఎంటీ అని ఒక పేరు. చూసి మా అబ్బా చేతి గడియారం యాదికొచ్చింది గని అది ఇది గాదు. రెండో ప్రపంచ యుద్ధంల 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ నడిమిదాంక మన గడియారం ఆరున్నర మీద నడిచింది. ఆ ఏండ్లల్ల పుట్టినోళ్ల టైమ్‌ను యూటీసీకి మారిస్తె ఒక గంట అటీటు అయితది. ఇక సూర్యుని అడిగితె సిద్దిపేట ఐదున్నర మీద గూడ లేదు, పధ్నాలుగు పదిహేను నిమిషాలు వెనకుంటది. ఇఫ్తార్ కాడ మనం చూసేది ఆ సూర్యున్నే. హైదరాబాద్‌కన్న మేం కొంచెం తూర్పుల ఉన్నం గనుక మాకు నిమిషం, నిమిషమున్నర ముందే పొద్దుమూకుతది. ఖజూర్ చేతిల పట్టుకున్నోనికి నిమిషమున్నర అంటె మామూలు ముచ్చట గాదు.

గడియారానికి, రోజాకు రిష్తా ఉన్న ముల్కులు గూడ ఉన్నయి. మొరాకోల 2018 నుంచి ఏడాదంతా యూటీసీకన్న ఒక గంట ముందు నడుస్తరు, రంజాన్ నెల మాత్రం ఆ గంట వెనక్కు తీస్తరు. రంజాన్ ఎప్పుడొస్తదో చాంద్ చెప్పాలె. కని టైమ్‌జోన్ డేటాబేస్ రాసేటోళ్లు ముందే అందాజా వేసి ఏండ్లకేండ్లు రాసిపెట్టిన్రు. కంప్యూటర్ ఫైల్ల నెలవంక కోసం జాగ ఉన్నదని తెలిసిననాడు నాకెంత ఖుషీ అయిందో. లెబనాన్ల 2023 మార్చిల ఇంకో తమాషా. గడియారం ముందుకు జరిపే దినం రెండు మూడు రోజుల దూరంల ఉన్నదనంగ, రంజాన్ అయ్యేదాంక జరపొద్దని సర్కార్ అన్నది. కొందరు విన్నరు, కొందరు వినలే. కొన్ని దినాలు ఒక్క ముల్కుల రెండు టైమ్‌లు నడిచినయి, తర్వాత సర్కార్ వాపస్ తీసుకున్నది. ఆ దినాల్ల అక్కడి హాజిరీ రిపోర్టులు ఎవరు టెస్ట్ చేసిన్రో పాపం.

మా ఊర్ల గల్ఫ్ పోనోళ్ల ఖాన్దాన్ తక్కువ. దుబాయి మనకన్న గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. నెల ఆఖరి రాత్రి పదిన్నరకు జిద్దాల పైసలు పంపితె మన దగ్గర ఒకటో తారీఖు ఒంటిగంట, సర్వర్ల ఇంకా ఆఖరి తారీఖే రాత్రి ఏడున్నర. ఏ నెల ఖాతాల పడాలె? జవాబు ఏదైనా ఉండనీ, ఎవరన్న కూసొని ఫైసలా చేసి రాయాలె. టెస్ట్ రాయాలెనంటె ఆ ఫైసలా కావాలె. అందుకే నాకు టెస్టింగ్ అంటె ఇజ్జత్. అడగని సవాల్‌ను అడిగిస్తది.

పుట్టిన తారీఖు ముచ్చట ఒక్కటి చెప్పి మళ్ల ఖాలా కాడికి వస్తా. తారీఖు మాత్రమే ఉండాల్సిన చోట టైమ్‌స్టాంప్ పెడితె, మన అర్ధరాత్రిని యూటీసీకి మార్చి ముందటి రోజు సాయంత్రం ఆరున్నర అని దాస్తది. మళ్ల చూసేటోడు తారీఖు మాత్రం కోసి చూస్తె ఒక రోజు తక్కువ. సాఫ్ట్‌వేర్ చేసేటోళ్లకు ఇది మస్తు పాత ఘల్తీ. కని కాగజుల ఒక్క రోజు తేడా వస్తె అది మా లాంటోళ్ల ఇండ్లల్ల పాత ఘల్తీ అని వదిలిపెట్టేది గాదు. ఇప్పటికే పేర్లు ఒక్కొక్క కార్డుల ఒక్కొక్క తీరు. షేక్ ఒకకాడ ముందుంటది, ఒకకాడ ఎనకుంటది, ఒకకాడ ఉండనే ఉండదు. మా తాత జమానాల నిజాం సర్కారుల ఫస్లీ సన్ నడిచేది, నెలలు ఆజుర్, దై, బహ్‌మన్. ఆ సన్‌కు సుమారు 590 కలిపితె గని ఇప్పటి సంవత్సరం రాదు. ఆ కాగజులు చూపించి పుట్టుక రుజువు చేసుకున్నోళ్ల పిల్లలం. పుట్టిన తారీఖుకు గంటలు, నిమిషాలు, టైమ్‌జోన్ అవసరం లేదు. దాన్ని తారీఖు లెక్కనే ఉండనియ్యాలె. రిపోర్ట్ చూసేటప్పుడు నేను మొదలు చూసేది అదే ఇప్పుడు.

నేను రాసిన ఆ ఏడెనిమిది వరసలు, రావాల్సిన జవాబులు, వాళ్ల క్వెరీ ఇచ్చే జవాబులు అన్నీ ఒక్క కాగజుల పెట్టి ఆ కంపెనీ పిల్లగానికి పంపిన. కింద ఖాలా రిపోర్ట్ నుంచి నాలుగు తారీఖులు రాసిన. మార్చి 11, ఏప్రిల్ 12, ఏప్రిల్ 13, ఇంకా ఒక ఆదివారం, ఆఫీసుకు తాళం వేసి ఉండంగ అంగూఠా పడ్డట్టు మెషిన్ల ఉన్నది. తాళం వేసిన ఆఫీసుల అంగూఠా ఎవరు పెట్టిన్రని అడిగినంక వాళ్లు మారు మాట్లాడలే. నాలుగు దినాల్ల రిపోర్ట్ మారింది. ఆ పిల్లగాడు నా వరసలు వాళ్ల టెస్టులల్ల కలుపుకున్నమని మెసేజ్ పెట్టిండు. తొమ్మిదింటి పదిమందితోని పాటు ఇప్పుడు నాలుగు యాభై మనిషి ఒకామె ఉన్నదన్నమాట అక్కడ, పేరు లేకుండ.

సూపర్‌వైజర్ మే నెల శనివారాలు మూడింటికి పైసలు ఇప్పించిండు. పాత నెలల బిల్లులు బంద్ అయినయి, మళ్ల తెరవరన్నడు కాంట్రాక్టర్. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాంక లెక్కబెడితె పద్దెనిమిది శనివారాలు, 7200. లేబర్ ఆఫీసుకు దర్ఖాస్తు రాసి ఇచ్చినం, రసీదు ఖాలా కవర్లనే ఉన్నది. 'ఐదు నలభైకే పోరాదు ఖాలా, అందరి లెక్క' అన్నది మా చెల్లె ఒకనాడు. ఆమె చాయ్ తాగుకుంట తలకాయ అడ్డంగ ఊపింది. 'సాఫ్ కర్‌నే కే బాద్ లోగా ఆనా నా బేటీ, లోగా ఆయే బాద్ సాఫ్ కర్‌నా నక్కో.' ఊడ్చినంక మనుషులు రావాలె, మనుషులు వచ్చినంక ఊడ్చుడు తనకు వద్దట. ఇప్పటికీ ఐదుకు పది తక్కువకే అంగూఠా పెడ్తది.